తెలుగు ర్యాప్‌లో దీర్ఘాలు ఎటుపోతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఇప్పుడు ర్యాప్ పోటీ లేని కాలేజీ ఫెస్టు కనబడటం లేదు. సంతోషమే. మన గల్లీ తెలుగులో పిల్లలు సొంతంగా పాట కట్టి వేదిక ఎక్కుతారని పాతికేళ్ల కింద ఎవరూ అనుకోలేదు. అయితే ఆ వేదికల దగ్గర సౌండ్ పని చేసేవాళ్లుగా, ఎనభైల, తొంభైల హిప్‌హాప్ విని పెరిగినవాళ్లుగా మాకొక బాధ ఉంది. పాట అయిపోయాక ముందు వరసలో ఉన్నవాళ్లను 'ఏమన్నడు?' అని అడిగితే చెప్పలేకపోతున్నారు. బీట్ గుర్తుంటోంది, మాట గుర్తుండటం లేదు. పాత హిప్‌హాప్‌లో మాట అంత తేటగా ఎందుకు వినబడేదో, ఇప్పుడెందుకు మునిగిపోతోందో లెక్కలతో సహా రాస్తున్నాం. పోటీలు పెట్టేవాళ్లు, పాడేవాళ్లు, జడ్జీలు చదువుతారని ఆశ.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్ రికార్డులు వేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా లెక్కేస్తారు. పాటలో గాయకుడు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది సెకన్లలోనే జనం ఊగిపోతున్నారని హెర్క్ కనిపెట్టాడు. ఆ ముక్కనే బ్రేక్ అంటారు. ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదానిమీద బ్రేక్ అయిపోయేలోగా రెండోదానిమీద అందుకునేవాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే మరో డీజే దానికి కొలత తెచ్చాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత పెట్టి ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్కగట్టేవాడు. ఎవరైనా చేసి చూసుకోవచ్చు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీకి ఒక చుట్టు 1.8 సెకన్లు. నిమిషానికి 90 బీట్ల పాటలో రెండు బార్లు, అంటే ఎనిమిది దెబ్బలు, 5.3 సెకన్లు. మూడు చుట్లకు వెంట్రుకవాసి తక్కువ. గీతను ఆ మేరకు వెనక్కి తెచ్చి, దెబ్బ మీద వేలు తీసేస్తే బ్రేక్ మళ్లీ మొదలవుతుంది. కింద వేసే మ్యాట్ మామూలు రబ్బరుదైతే రికార్డును పట్టుకోగానే పళ్లెం కూడా ఆగుతుంది, వదిలాక వేగం అందుకునేలోపు తాళం తప్పుతుంది. ఫెల్ట్ గుడ్డ మ్యాట్ వేస్తే పైన రికార్డు ఆగినా కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. బెల్టుతో తిరిగే యంత్రం కూడా ఈ పనికి రాదు, బెల్టు జారుతుంది. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2లో మోటారు పళ్లేన్ని నేరుగా తిప్పుతుంది, వేగాన్ని 8 శాతం పైకీ కిందికీ జరుపుకోవచ్చు. అందుకే డీజేలు దాన్ని వదల్లేదు.

ఇదంతా రాసింది ఎందుకంటే, ఈ పద్ధతిలో ఎంసీకి, అంటే మైకు పట్టి ర్యాప్ చెప్పేవాడికి, దక్కింది ఖాళీ జాగా. బ్రేక్‌లో డ్రమ్ములు, మహా అయితే బేస్ గిటార్. గొంతు ఉండాల్సిన చోట వేరే ఏదీ లేదు.

తర్వాత శాంప్లర్లు వచ్చాయి, అంటే రికార్డులోంచి శబ్దం ముక్కలు ఎక్కించుకుని మళ్లీ మోగించే యంత్రాలు. 1987 నాటి ఎస్‌పీ-1200 గురించి చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. దాంట్లో మొత్తం పట్టే శబ్దం 10 సెకన్లు. ఒక ముక్క 2.5 సెకన్లు దాటకూడదు. 90 బీట్ల పాటలో ఒక బారు 2.67 సెకన్లు, అంటే ఒక్క బారు కూడా పట్టదు! దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం, 33⅓ రికార్డును 45 వేగంలో తిప్పి ఎక్కించడం. అప్పుడు అదే బారు 1.98 సెకన్లలో అయిపోతుంది. ఎక్కించాక యంత్రంలోనే స్థాయి దించి మళ్లీ అసలు వేగానికి తెస్తారు. యంత్రం 12-బిట్, సెకనుకు సుమారు 26 వేల నమూనాలు మాత్రమే తీసుకుంటుంది. కాబట్టి అందులో సగమైన 13 కిలోహెర్ట్జ్ పైన శబ్దం ఏమీ మిగలదు, దించినప్పుడు అంచుల్లో ఇసుక రాలినట్టు ఒక గరుకు వస్తుంది. ఆ పాత డ్రమ్ముల రుచి అదే. ఇవాళ ఆ గరుకును ప్లగిన్లు అనే సాఫ్ట్‌వేర్లలో కొనుక్కుంటున్నారు. కానీ గరుకుతోపాటు వచ్చిన పొదుపును ఎవరూ కొనడం లేదు. పది సెకన్లలో ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అని ఆలోచించినవాడు అనవసరమైన శబ్దం పెట్టడు. 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో వచ్చిన ఎంపీసీ-60లో మెమరీ కాస్త పెరిగింది, 16 ప్యాడ్లు వచ్చాయి, కొట్టిన దెబ్బను సరిగ్గా తాళం మీదినుంచి కొద్దిగా వెనక్కి జరిపే స్వింగ్ కూడా ఉండేది. పద్ధతి మాత్రం అదే.

1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అనుమతి లేని శాంప్లింగ్‌ను దొంగతనంగానే చూస్తూ తీర్పిచ్చాక ఒక పాటలో పదీ ఇరవై రికార్డుల ముక్కలు అతికే పని ఖరీదైపోయింది. చాలామంది కీబోర్డుల వైపు, సింథ్ బేస్ వైపు వెళ్లడానికి అదొక కారణం.

మన ఊరికి ఇవన్నీ క్యాసెట్ల మీదే వచ్చాయి. కోఠి, అబిడ్స్ దుకాణాల్లో దొరికిన ఒక్క క్యాసెట్ నుంచి ఎన్నో కాపీలు అయ్యేవి. కాపీకి కాపీ తీసినకొద్దీ బుస్సుమనే రొద పెరిగేది, కంచు తాళాల తళుకు ముందు పోయేది. గొంతు మాత్రం మిగిలేది, ఎందుకంటే మిక్స్‌లో అందరికన్నా ముందు నిలబెట్టింది గొంతునే. లోపలి కాగితం కాపీతో రాదు కనుక మాట కావాలంటే రివైండ్ కొట్టి, పాజ్ నొక్కి, నోటుబుక్కులో రాసుకోవాల్సిందే. 1992లో బాబా సెహగల్ హిందీ ర్యాప్, 1994లో 'ప్రేమికుడు' డబ్బింగ్‌లో పేటర్యాప్ వచ్చాక ఇది మన భాషల్లోనూ నడుస్తుందని తెలిసింది. అప్పటి సినిమా ర్యాప్‌లో మాటలకు పెద్ద అర్థం ఉండేది కాదు, ఒప్పుకోవాలి. ఆ విషయంలో ఇవాళ రోల్ రైడా లాంటివాళ్లు హైదరాబాద్ తెలుగును ఉన్నదున్నట్టు మైకు ముందుకు తేవడం చాలా పెద్ద పని. పాత అమెరికా ర్యాప్‌లో కూడా ఆడవాళ్లను తూలనాడే చెత్త కావలసినంత ఉంది. మేం వెతుక్కుంటున్నది ఆ కాలపు సరుకంతటినీ కాదు, ఆ కాలపు మాటకట్టును.

అసలు సంగతికి వద్దాం. నాలుగు దెబ్బల బారులో ఒక్కో దెబ్బను నాలుగు భాగాలు చేస్తే 16 గళ్లు. తెలుగువాడికి ఇది కొత్త కాదు, 16 మాత్రలు. లఘువుకు ఒక గడి, గురువుకు రెండు. 90 బీట్ల వేగంలో ఒక గడి 0.17 సెకను, గురువుకు 0.33. మనిషి ముచ్చట చెప్పే వేగానికి ఇది బాగా దగ్గర. అందుకే 85 నుంచి 95 మధ్య ఉండే, డ్రమ్ములు ముందుండే పాత బూమ్‌బ్యాప్ బీట్ మీద తెలుగు ఏ కష్టమూ లేకుండా కూర్చుంటుంది. నమూనాకు రెండు పాదాలు కట్టాం:

గల్లిల మాటలు చల్లగ ఉండవు
చెల్లని నోటులు చేతిల పండవు

ఒక్కో మాటకు ఒక దెబ్బ. ప్రతి మాటలో ఒక గురువు, రెండు లఘువులు, మొత్తం నాలుగు మాత్రలు. పాదానికి పదహారు. గురువు సరిగ్గా దెబ్బ మీద పడుతుంది, లఘువులు రెండూ దెబ్బకు దెబ్బకు మధ్యన నడుస్తాయి. మెట్రోనోమ్ పెట్టుకుని చదివితే చెయ్యి దానంతటదే ఆడుతుంది.

ఇప్పుడివే పాదాలను ఈ కాలపు ట్రాప్ తరహా బీట్ మీద పెట్టండి. వేగం 140. కిక్ అనే పెద్ద డ్రమ్ము, స్నేర్ అనే చిన్న డ్రమ్ము సగం వేగంలో నడుస్తాయి కాబట్టి 70లా అనిపిస్తుంది, హైహ్యాట్ తాళాలు మాత్రం జల్లులా రాలుతుంటుంది. దాని మీద అందరూ పాడుతున్నది ట్రిప్లెట్ నడక. దెబ్బకు మూడు అక్షరాలు, మూడూ సమానం, ఒక్కోటి 0.14 సెకను. 'గల్లిల'లో అక్షరాలు మూడే కదా, చక్కగా సరిపోయిందనుకుంటారు. సరిపోయాక వినండి. 'గల్లిల' కాస్తా 'గలిల' అవుతుంది. 'మాటలు' 'మటలు' అవుతుంది, 'నోటులు' 'నొటులు', 'చేతిల' 'చెతిల'. రెండు గళ్లు కావలసిన గురువును ఒక గడిలో కుక్కితే దీర్ఘం పోతుంది, ద్విత్వం పోతుంది. ఇంగ్లీషులో అచ్చును కొంచెం సాగదీసినా కుదించినా మాట చాలావరకు అదే మాటగా నిలుస్తుంది, అక్కడ ఊనికే ముఖ్యం. తెలుగులో పలు వేరు, పాలు వేరు, కల వేరు, కాల వేరు. దీర్ఘం తీసేస్తే మాటే మారిపోతుంది. వినేవాడి బుర్ర ఆ ముక్కను వదిలేసి తర్వాతిదానికి పోతుంది, అప్పటికి అదీ వెళ్లిపోయి ఉంటుంది. ముందు వరసలో ఉన్నవాడికి కూడా మాట అందకపోవడానికి మొదటి కారణం ఇది. స్పీకర్లు కాదు, మైకు కాదు.

అలాగని ట్రిప్లెట్‌ను నిషేధించమని మేం అనం. మనకు తిస్రనడక తెలియనిదా? పల్లెపాటల్లో కావలసినంత ఉంది. కానీ దానికి మూడు మాత్రల మాటలు ఏరుకోవాలి. 'పాత బస్తి గడప మీద' అని చూడండి. పాత, బస్తి, మీద మూడూ గురువు, లఘువు. గడప మూడు లఘువులు. నాలుగూ మూడేసి మాత్రలే. దెబ్బకొక మాట వేసి, గురువుకు రెండు వంతులు, లఘువుకు ఒక వంతు ఇస్తే ఏ అక్షరమూ నలగదు. అంటే దెబ్బకు మూడు అక్షరాలని కాకుండా మూడు మాత్రలని లెక్కపెట్టుకోవాలి. రాసేటప్పుడు కాగితం మీద అడ్డంగా 12 గళ్లో 16 గళ్లో గీసుకుని, గురువుకు రెండు గళ్లు వదిలి నింపండి. పట్టని మాట అక్కడే బయటపడుతుంది. వేగంగా అనేస్తే పడుతుందిలే అని ముందుకు పోయిన చోటే స్టేజీ మీద నాలుక తడబడుతుంది.

ప్రాస గురించి కూడా ఒక మాట. తెలుగులో అంత్యప్రాస మరీ చవక. వస్తున్నా, పోతున్నా, చేస్తున్నా, చూస్తున్నా అని పదహారు బార్లు నడిపేయొచ్చు. అది కవి తెచ్చిన ప్రాస కాదు, వ్యాకరణం ఇచ్చింది. 1986 నుంచి న్యూయార్క్ ర్యాపర్ రాకిమ్ చేసిన పని చూడండి. ప్రాసను పాదం చివరినుంచి పాదం మధ్యలోకి తెచ్చాడు, ఒక అక్షరం కలపడం మానేసి రెండు మూడు అక్షరాల గొలుసులు కలిపాడు. మన పద్యం ఆ పని ఎప్పుడో చేసి పెట్టింది. ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలన్నది ప్రాసనియమం, పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవాలన్నది యతినియమం. పైన ఇచ్చిన రెండు పాదాల్లో గల్లి, చల్ల, చెల్లని అనే మూడు చోట్ల 'ల్ల' రెండో అక్షరంగా నిలిచింది. చివర ఉండవు, పండవు అన్నచోట ప్రత్యయంతో ఆగకుండా ధాతువులోని 'ండ' కూడా కలిసింది. పాత ర్యాప్ అభిమానులు గంటలకొద్దీ మాట్లాడుకునేది ఈ పనితనం గురించే. ఇది నేర్చుకోవడానికి బ్రాంక్స్ దాకా పోనక్కర్లేదు, బడిలో చెప్పిన ఛందస్సు పాఠం మళ్లీ తిరగేస్తే చాలు.

ఇక మిక్సింగ్. రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం 1980లో వచ్చి 1983కల్లా ఆగిపోయింది. దాని కిక్ 50 హెర్ట్జ్ దరిదాపుల్లో చాలాసేపు మోగుతుంది. ఇప్పుడు ఆ కిక్‌నే సాగదీసి, స్వరాలు మార్చి బేస్‌గా వాయిస్తున్నారు. 50 హెర్ట్జ్ ఫోన్ స్పీకర్లో రాదు. అందుకని దాన్ని డిస్టార్షన్‌తో చెడగొట్టి 100, 150, 200, 300 దగ్గర పై ధ్వనులు పుట్టిస్తున్నారు. మగగొంతు బరువంతా ఉండేది అక్కడే. అక్కడ గొంతు కనబడక దాన్ని ఇంకా పెంచుతారు, పెంచాక సకారాలు చెవిలో గుచ్చుకుంటాయి. గొంతును 90 హెర్ట్జ్ కింద కోసేసి, బేస్‌లో 200 నుంచి 300 మధ్య గొంతు వచ్చినప్పుడల్లా 3 డెసిబెళ్లు తగ్గేలా పెట్టి, హల్లుల తేట ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య సింథ్‌లను పక్కకు జరిపితే సగం సమస్య పోతుంది. లౌడ్‌నెస్ కోసం పిండి పిప్పి చేయడం కూడా దండగ. స్పాటిఫై లాంటి వేదికలు మామూలుగా ‑14 లఫ్స్ (శబ్దం ఎంత పెద్దగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి దించే వినిపిస్తాయి. మీరు ఎంత పిండినా అక్కడ మిగిలేది పిప్పే.

గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్ 1997లో వచ్చింది. రీట్యూన్ స్పీడ్ సున్నా మీద పెడితే గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు ఎక్కినట్టు దూకుతుంది. పాడే భాగంలో అదొక రంగు, కాదనం. కానీ మాట్లాడే భాగంలో? మన తెలంగాణ తెలుగులో 'వచ్చినవ్' అన్నది మాటా ప్రశ్నా అన్నది ఒక్కోసారి గొంతు చివర ఎక్కడాన్నిబట్టే తెలుస్తుంది. సున్నా మీద పెట్టిన ఆటోట్యూన్ ఆ ఎక్కుడును దగ్గరి స్వరానికి లాగి చదును చేస్తుంది. వెటకారం, కోపం, జాలి అన్నీ ఆ చదునులోనే పోతాయి. వర్స్‌కు, అంటే మాట చెప్పే చరణానికి, తీసేసి హుక్‌కు, అంటే పల్లవికి, మాత్రం ఉంచుకోండి.

పంచ్-ఇన్ రికార్డింగ్ చేసే చేటు స్టేజీ మీద తెలుస్తుంది. స్టూడియోలో ముక్కముక్కగా పాడి అతికించిన వర్స్‌లో ఊపిరి తీసుకునే చోటే ఉండదు. పాతవాళ్లు 16 బార్లు ఒకే ఊపులో చెప్పేలా రాసుకునేవాళ్లు. 90 వేగంలో అది 43 సెకన్లు. ప్రతి రెండు బార్లకు చివరి దెబ్బ ఖాళీ వదిలితే 0.67 సెకను దొరుకుతుంది, నోటితో ఊపిరి లాగడానికి చాలు. ఆ ఖాళీ లేనివాడు స్టేజీ మీద ఆరో బారుకే ఆయాసపడి, వెనక ట్రాక్‌లో మోగుతున్న తన రికార్డు గొంతు మీద ఆధారపడతాడు. జనం వింటున్నది పెన్‌డ్రైవ్‌ను.

మైకు పట్టుకోవడం గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మైకు తలమీది జాలీని గుప్పిట్లో మూసేస్తే స్టైలుగా కనబడొచ్చు. కానీ వెనకనుంచి వచ్చే శబ్దాన్ని తోసేయడానికి క్యాప్సూల్ వెనక పెట్టిన రంధ్రాలు మూసుకుపోతాయి, మైకు అన్ని దిక్కులనుంచీ లాగుతుంది, పాడేవాళ్ల వైపు పెట్టిన మానిటర్ స్పీకర్ కూత మొదలవుతుంది. కూత ఆపడానికి మేం పై స్వరాలు కోస్తాం, ఉన్న కాస్త తేటా పోతుంది. కాడ దగ్గర పట్టుకోండి, పెదవులకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరం ఉంచండి, ప, బ, ఫ, భ వచ్చేచోట కొద్దిగా పక్కకు తిప్పండి. సౌండ్ వాళ్లకూ ఒక మాట: సబ్‌ఊఫర్లకు మిక్సర్‌లోంచి వేరే లైను (ఆక్స్) ఇచ్చి ట్రాక్ మాత్రమే పంపండి. మైకులు సబ్‌లలోకి పోతే ప్రతి 'ప' ఒక బాంబే.

పోటీలు పెట్టే కాలేజీలకు మా సూచన ఇది. మొదటి రౌండుకు బీట్ మీరే ఇవ్వండి, 88 నుంచి 92 మధ్య, డ్రమ్ములు, బేస్, మహా అయితే ఒక్క శాంపిల్. ఒక్కొక్కరికి 16 బార్లు. ట్రాక్‌లో ఏ గొంతూ ఉండకూడదు. రెండో రౌండుకు అవధానంలోని దత్తపదిని తెచ్చుకోండి. స్టేజీ ఎక్కడానికి రెండు నిమిషాల ముందు నాలుగు మాటలు ఇవ్వండి, 'మెట్రో, మామిడి, కిరాయి, తాళం' లాంటివి. ఎనిమిది బార్లలో, అంటే 21 సెకన్లలో, నాలుగూ అర్థవంతంగా రావాలి. ఇంట్లో కంఠస్థం చేసి తెచ్చిన వర్స్‌ను ఫ్రీస్టైల్ అని చెప్పుకోవడం అక్కడ కుదరదు. మూడో రౌండు వాళ్లిష్టం. ట్రాప్, డ్రిల్ లాంటి కొత్త తరహాలు, ఆటోట్యూన్, ఏదైనా సరే. అప్పుడు ట్రిప్లెట్ ఎవరికి నిజంగా వచ్చో కూడా తేలుతుంది. జడ్జీల్లో ఒకరికి లిరిక్ కాగితం ఇవ్వకండి. ఆయన వింటూ వినబడినంత రాయాలి, తర్వాత కాగితంతో పోల్చాలి. యాభై మార్కుల్లో ఇరవై దానికే కేటాయించండి.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. కొత్త తెలుగు ర్యాప్ పాట గురించి రాసినప్పుడు ఎన్ని లక్షల వ్యూస్ వచ్చాయన్న లెక్క ఒక వాక్యంలో సరిపెట్టి, ఆ పాటలోంచి నాలుగు పాదాలు, రాసినవారి పేరు, బీట్ చేసినవారి పేరు అచ్చు వేయండి. కాగితం మీద చూసినప్పుడే రాత ఎంత గట్టిదో పాఠకుడు తనకు తానే తేల్చుకోగలడు.

మొదటి రౌండుకు కావలసిన బీట్లు ఐదారు మేం చేసి ఇస్తాం, డబ్బు అక్కర్లేదు. వేవ్ ఫైళ్లుగా ఇస్తాం, దయచేసి వాటిని వాట్సాప్‌లో పంపించుకుని అక్కడినుంచి మోగించకండి.

ఇట్లు,
సౌండ్ పనివాళ్లం, పాత హిప్‌హాప్ శ్రోతలం కొందరం,
హైదరాబాద్